ఛాయాచిత్రకళ : తోడివారి విమర్శ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు వచ్చు పాఠకుడు పుస్తకమును తిరిగి యిచ్చునపుడు ఏదో యొక మాట చెప్పక పోడు. “కథ చప్పగా నున్నది” అనియో, “మూడవ ప్రకరణము మాత్రము మఱల చదువదగినది” అనియో, “గ్రంథకర్త కీ సంగతి బొత్తిగా తెలియదు” అనియో నిర్మొగమాటముగా చెప్పును. గ్రంథకర్త యెదుట లేడు గనుక మొగమాటమునకు తావు లేదు. అదే గదిలో గోడపై వ్రేలాడు ఛాయాచిత్రమును గూర్చి మాత్రము ఎవ్వరును నోరు మెదపరు. గుచ్చి యడిగినచో “బాగున్నది” అందురు. గ్రంథమునకు విమర్శ కలదు. ఛాయాచిత్రమునకు “బాగున్నది” యను నొక్క మాట మాత్రమే కలదు. ఈ యొక్క మాటవలన ఆ కళను నేర్చుకొనువారికి కలుగుచున్న నష్ట మెట్టిదో, దానికి మందెక్కడ నున్నదో రజతోత్సవ సందర్భమున విచారించుట అనుచితము కాదు.

పూర్వము కెమెరా గలవాడు ఊరి కొక్కడుండిన గొప్ప. ఒక ఫిల్ముచుట్టకు పండ్రెండో, ముప్పదియారో చిత్రములు. వానిని కడిగించుటకు, అచ్చు వేయించుటకు పట్టణమునకు పోవలెను. కావున మీట నొక్కుటకు ముందు పదిమార్లు ఆలోచించెడివాడు. నేడు జేబులోని ఫోనే కెమెరా. ఒక్క పెండ్లికి వేయి చిత్రములు లెక్కకు రావు. సాధన పెరిగినదనుట నిజము. విద్య కూడ అంతగా పెరిగినదా యని అడిగినచో వెంటనే అవునని చెప్పుట కష్టము. తప్పు తెలియని సాధన తప్పునే స్థిరపఱచును. గుణింతము తప్పు వ్రాయు బాలుడు పంతులుగారికి చూపక నూఱుమార్లు దిద్దిన, ఆ తప్పే చేతికి పట్టుబడును గదా!

మఱి తన తప్పు తనకేల కనబడదు? ఈ ప్రశ్నకు మహాకవి కాళిదాసు ఛాయాచిత్రము పుట్టుటకు శతాబ్దములకు పూర్వమే సమాధాన మిచ్చినాడు. శాకుంతల నాటకము ఆరవ అంకమున దుష్యంతుడు విరహవేదనతో శకుంతల చిత్రమును తన చేతులతో వ్రాసికొనెను. చెలికత్తె ఆ పలకను తెచ్చి చూపగా రాజు దానిలోనే మునిగిపోయెను. చిత్రములోని తుమ్మెద ప్రియురాలి మోముపైకి వచ్చుచున్నదని దానిని అదలించెను, శిక్షింతునని బెదరించెను. ప్రక్కనున్న విదూషకుడు చూచి చూచి, ఇది చిత్రమేగదా యని గుర్తుచేసెను. ఆ మాటకు రాజు నొచ్చుకొనెను. ఎదుట నిలిచియున్న ప్రియురాలిని మిత్రుడు మఱల చిత్రముగా చేసివేసెనని వాపోయెను. కనబడకుండ నిలిచి చూచుచున్న అప్సరస సానుమతి సైతము, తానును అంతవఱకు అది చిత్రమని మఱచితినని తలపోసెను.

ఇందలి సూక్ష్మమును గమనింపుడు. వ్రాసినవానికి చిత్రము కనబడుట లేదు, చిత్రింపబడిన మనిషి కనబడుచున్నది. చిత్రమును చిత్రముగా చూచినవాడు ఆ గుంపులో విదూషకు డొక్కడే. ఆ మాట ప్రేమికునకు దుఃఖమైనను, చిత్రకారునకు అత్యవసరము. ఛాయాచిత్రమును తీసిన ప్రతివాడును కొంత దుష్యంతుడే. వానికి కావలసినవాడు ప్రక్కన కూర్చుండి “ఇది చిత్రము సుమా!” యని చెప్పగల మిత్రుడు.

ఉదాహరణమునకై యొక సన్నివేశము నూహింపుడు. ఒక యువకుడు తన నాయనమ్మ చిత్రమును తీసెను. ఆమె వీధి అరుగుపై కూర్చుండి చేటతో బియ్యము చెరుగుచున్నది. ఇంటివారందఱును చూచి “అచ్చము నాయనమ్మయే” అని మురిసిరి. యువకుడు ఆ చిత్రమును తనవలెనే కెమెరా వేడుక గల మఱియొకనికి చూపెను. అతడు కొంతసేపు చూచి యిట్లనెను: “ఆమె తలలోనుండి కరెంటు స్తంభము మొలచినట్లున్నది. వెనుకనున్న సున్నపుగోడ మండిపోవుచు కన్నునంతయు అటే లాగుచున్నది. ముఖము నీడలో నల్లబడినది. చేతులు ముంజేతికడ తెగిపోయినవి. ఆమె బియ్యము చెరుగుచున్నదను సంగతి నీ తలపులో నున్నది గాని చిత్రములో లేదు.”

యువకునికి కోపము వచ్చెను. రెండుదినములు మిత్రునితో మాటలాడలేదు. మూడవనాడు తెల్లవారగనే అదే అరుగుకడకు పోయెను. ఎండ యింకను గోడపైకి ఎక్కలేదు. రెండడుగులు ప్రక్కకు జరుగగా స్తంభము అరుగు గుంజ వెనుక దాగెను. మోకాళ్లపై కూర్చుండగా ముసలమ్మ కన్నులు తన కన్నులకు సమముగా వచ్చెను. రెండు చేతులును, చేటయు, ఎగిరిన తవుడును చిత్రములో పట్టినవి. స్థలము మాఱలేదు, మనిషి మాఱలేదు, కెమెరా మాఱలేదు. మాఱినది రెండడుగులు, రెండు గడియల కాలము మాత్రమే.

మొదటిసారి ఆ స్తంభము యువకునికి కనబడకపోవుట అంధత్వము కాదు. దానికి కారణము కలదు. మనుష్యునకు రెండు కన్నులు. అవి రెండును కలిసి స్తంభము దూరమున నున్నదనియు, నాయనమ్మ దగ్గర నున్నదనియు తెలుపును. కెమెరా కున్నది ఒకే కన్ను. దూరమును, దగ్గరను ఒకే పలకపై అతికించుటచే స్తంభము వచ్చి తలపై నిలుచును. కన్ను వెలుగునుండి నీడకు మరలినపుడెల్ల తన్ను తాను సర్దుకొనును. మిట్టమధ్యాహ్నపు గోడను, ముఖపు నీడను రెంటిని చూడగలదు. ఒకే క్షణమున తీసిన చిత్రమున కంతటి ఓపిక లేదు. గోడను కాపాడిన ముఖము నల్లబడును, ముఖమును కాపాడిన గోడ పాలిపోవును. వీనికి తోడు మనస్సు తనకు అక్కఱలేని దానిని చెరిపివేయును. కెమెరాకు ప్రీతియు లేదు, ద్వేషమును లేదు. ఎదుట నున్నదంతయు వ్రాసికొనును. తీసినవాడు ఆనాటి ఎండను, నాయనమ్మ పలుకును, ఇంటి వాసనను కూడ చిత్రములో చూచుచుండును. తోడివాడు కాగితమును మాత్రమే చూచును. కాగితమును మాత్రమే చూచుట వాని లోపము కాదు. అదియే వానివలన కలుగు మేలు.

ఈ సత్యము ఆ కళ పుట్టిననాటనుండియు తెలిసినట్టిదే. 1839లో పారిసు నగరమున దగేరు పద్ధతి లోకమునకు వెల్లడింపబడినది. 1841లో ఇంగ్లండున టాల్బటు తన కాగితపు నెగెటివు పద్ధతికి పేటెంటు పొందెను. 1853లో లండనున ఛాయాచిత్ర సంఘ మేర్పడినది; అదియే తరువాత రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ యని ప్రసిద్ధి వహించినది. మఱుసటి సంవత్సరమే, అనగా 1854లో, బొంబాయిలోను, 1856లో కలకత్తాలోను ఇట్టి సంఘములు వెలసినవి. వీనిలో చేరినవారందఱును దానిచే జీవించువారు కారు. వేఱు వృత్తులలో నుండి వేడుకకై కెమెరా పట్టినవారు పెక్కుమంది. వారు తమ చిత్రములను సభలో నుంచి, ద్రావకముల పాళ్లను, వెలుతురు చూపిన కాలమును, వచ్చిన లోపమును ఒకరి కొకరు చెప్పుకొనెడివారు.

సంఘమునకు పోవుటకు వీలులేని వారికై బ్రిటను దేశమున తపాలా సంఘములు పుట్టినవి. వాని పద్ధతి మెచ్చదగినది. సభ్యుల చిత్రములన్నియు ఒక పెట్టెలో నుంచి తపాలాలో ఒక సభ్యుని యింటినుండి మఱియొక సభ్యుని యింటికి పంపెడివారు. పెట్టె అందినవాడు ప్రతి చిత్రమును తీరికగా చూచి, తన అభిప్రాయమును వ్రాసి, తోడివారు తన చిత్రమును గూర్చి వ్రాసినవి చదువుకొని, పాత చిత్రమును తీసికొని క్రొత్తదాని నుంచి, పెట్టెను ముందునకు సాగనంపును. నోటితో అనిన మాట గాలికి పోవును. వ్రాసిన మాటకు వ్రాసినవాడు బాధ్యుడు. దూరపు గ్రామములో నొంటరిగా నుండు అభ్యాసకునికి సైతము పది జతల కన్నులు ఆ పెట్టెలో వచ్చి చేరెడివి.

మన దేశమున 1953లో ఛాయాచిత్రకారుల సమాఖ్య యొకటి ఏర్పడినది. ప్రదర్శనములు, పోటీలు విరివిగా జరుగుచున్నవి. అవియును కావలసినవే. కాని పోటీ తీర్పునకును, తోడివారి విమర్శకును భేదము కలదు. పోటీకి పంపిన చిత్రమునకు మార్కులో, “స్వీకృతము”, “తిరస్కృతము” అను ముద్రయో వచ్చును. ఏల తిరస్కృతమైనదో ముద్ర చెప్పదు. పరీక్షలో తప్పినవానికి తప్పితివని తెలియుట వేఱు; ఏ ప్రశ్నకడ తప్పెనో తెలియుట వేఱు.

సాహిత్యలోకమున ఈ మర్యాద ఆంధ్రులకు క్రొత్తది కాదు. ఆదికవి నన్నయభట్టు భారత రచనకు పూనుకొన్నపుడు తన సహాధ్యాయి నారాయణభట్టు తనకు తోడుపడెనని కావ్యావతారికలోనే చెప్పుకొనెను. అంతటివాడు తోడు కావలెనని చెప్పుకొనుటకు సిగ్గుపడలేదు. లౌకిక వ్యవహారమున కూడ ఇదియే నీతి. గ్రామ కరణములుండిన కాలమున కరణము వ్రాసిన లెక్కలను ఏటేట జమాబందిలో పై యధికారులు సరిచూచెడివారు. కరణము మోసగాడని ఆ యేర్పాటు కాదు. తాను వేసిన కూడికను తానే పదిమార్లు కూడిన, పడిన తప్పులోనే కాలు మఱల పడును. పరుని కన్నున కది మొదటి చూపులోనే తగులును.

ఐనచో ఇంటివారి మాట కంటె తోడి అభ్యాసకుని మాట కెక్కువ విలువ యేల? ఇంటివారికి ప్రేమ కలదు గాని పనిలోని మర్మము తెలియదు. చిత్రము మసకగా నున్నచో “సరిగా రాలేదు” అందురు. అంతటితో నేర్చుకొనువానికి ఒఱగిన దేమియు లేదు. పనితెలిసినవాడు మసకను పరీక్షించును. చిత్రములోని గీతలన్నియు ఒకే వైపునకు సాగియున్నచో చేయి కదలినది. షట్టరు వేగము పెంచవలెను, లేదా కెమెరాను గోడకో స్తంభమునకో ఆనించవలెను. ముఖము మసకయై వెనుకనున్న తలుపు స్పష్టముగా నున్నచో ఫోకసు తలుపుపై పడినది. చేయి దోషము కాదు. అన్నియు స్పష్టముగా నుండి ఆడుకొను బాలుని చేయి మాత్రమే చెదరినచో కదలినవాడు బాలుడు. ఒక్కొక్కప్పుడు ఆ చెదరుటయే చిత్రమునకు ప్రాణము. మసక యొకటే, కారణములు మూడు, మందులు మూడు. ఈ భేదము తానును అదే తప్పు చేసి, అదే తిట్టు తిని, దిద్దుకొన్నవానికి తెలియును.

విమర్శ చేయువానికి కొన్ని నియమములు కలవు. మొదటిది, తీర్పునకు ముందు చూపు. “బాగులేదు” అనుట తీర్పు. “కన్ను మొదట ఎఱ్ఱని బకెట్టుపై పడినది, పిదప గాని పెండ్లికూతురు కనబడలేదు” అనుట చూపు. తీర్పు వినినవాడు కుంగును, లేదా కసరును. చూపు వినినవాడు బకెట్టును తీసివేయును. రెండవది, తీసినవాడు అందఱి మాటలును ముగియువఱకు మౌనముగా నుండవలెను. అతడు “ఆనాడు వాన కురియుచుండెను, చోటు ఇఱుకు” అని వివరించినచో, చిత్రములో లేనిదంతయు మాటలతో పూడ్చినట్లగును. చిత్రముతోపాటు చిత్రకారుడు ప్రతి యింటికిని పోయి వివరింపలేడు గదా! మూడవది, తప్పు చెప్పినవాడు తానైన ఏమి చేసియుండునో కూడ చెప్పవలెను. దారి చూపని నింద పాండిత్య ప్రకర్ష మాత్రమే. నాల్గవది, మంచిని కూడ అంతే ఖచ్చితముగా చెప్పవలెను. “వెలుతురు చెంపపై పడిన తీరు ముడుతల నన్నింటిని చదివించుచున్నది” అని చెప్పినచో నేర్చుకొనువాడు ఆ వెలుతురును మఱల వెదకును.

విమర్శకు పనిముట్లు కూడ కలవు; అవి ఖరీదైనవి కావు. నల్ల అట్టముక్కలు రెండింటిని ఆంగ్లాక్షరము “ఎల్” ఆకారమున కత్తిరించి, ఒకదానికొకటి ఎదురుగా చిత్రముపై నుంచి జరుపుచు పోయినచో, ఎంతవఱకుంచిన చిత్రము నిండుగా నుండునో, ఏది మిగులో కన్నులకే తెలియును. వాదము లేకయే సగము తగవు తీఱును. మఱియొక ఉపాయము చిత్రమును తలక్రిందుగా త్రిప్పి చూచుట. పూర్వపు పెద్ద కెమెరాల వెనుక గరుకు గాజుపై దృశ్యము తలక్రిందుగనే కనబడెడిది. అట్లు చూచినపుడు నాయనమ్మ నాయనమ్మగా కాక నలుపు తెలుపుల ఆకారముగా తోచును. ఏ మూల బరువెక్కినదో, ఏ మూల బోసియో అప్పుడు తెలియును. ఒంటరిగా నున్నవానికి పరుని కన్నును కొంత యెరువిచ్చు ఉపాయ మిది.

ఇంత చెప్పినను విమర్శకుల మాట యెల్లప్పుడును శిరోధార్యమని చెప్పుటకు వీలులేదు. అమెరికా దేశమున ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ అను ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడుండెను. 1893 ఫిబ్రవరిలో న్యూయార్కు నగరమున మంచుతుఫాను వీచుచుండగా ఆయన ఐదవ అవెన్యూ వీధిలో చేతికెమెరాతో మూడుగంటలు నిలిచి, గుఱ్ఱపుబండి యొకటి మంచులో ఎదురుగా వచ్చు క్షణమున చిత్రము తీసెను. ఆ నెగెటివును సంఘములోని తోడివారికి చూపగా, ఇది మసకగా నున్నది, పాఱవేయుమని నవ్విరని ఆయనయే తరువాత చెప్పుకొనెను. ఆయన పాఱవేయలేదు. నేడది ఛాయాచిత్రకళా చరిత్రలో నిలిచిపోయిన చిత్రము.

ఈ కథను విని, విమర్శను త్రోసివేయుటయే ప్రతిభాలక్షణమని భ్రమపడరాదు. తోడివారు చూచినది నిజమే. చిత్రము మసకగనే యున్నది. మంచుతుఫానులో మసకయే సత్యమని వారికి తోచలేదు. వారి చూపు సరియైనది, తీర్పు తొందరపాటు. స్టీగ్లిట్జ్ సైతము ఆ నెగెటివును ఉన్నదున్నట్లుగా ఉంచలేదు. ప్రక్కలను కోసివేసి, బండియు దారియు గల భాగమును మాత్రమే తుదకు అచ్చువేసెను. ఇతరుల చూపును గ్రహించి తీర్పును తానే చేసికొనుట ఉత్తముని లక్షణము. చూపును కూడ త్రోసివేయుట అహంకారము. తీర్పును కూడ అప్పగించుట బానిసత్వము. ముగ్గురు వేఱువేఱుగా చూచి ఒకే చోట వ్రేలు పెట్టినచో అచ్చట ఏదో కలదని తెలిసికొనవలెను. ముగ్గురును మూడు చోట్ల వ్రేలు పెట్టినచో నెమ్మదిగా ఆలోచించి తనకు తోచినట్లు చేయవలెను.

ఇక నాయనమ్మ చిత్రము మాట. ఆ ముసలమ్మ కొంతకాలమునకు కాలధర్మము నొందినదనుకొనుడు. చిత్రము గోడకెక్కును, దానికి పూలదండ పడును. ఆమె నెఱిగినవారికి ఏ చిత్రమైనను ఒకటే. స్తంభమున్నను, నీడ యున్నను వారు నాయనమ్మనే చూతురు. కాని ఆ యింట పుట్టబోవు మునిమనుమడు ఆమె నెఱుగడు, ఆమె పలుకు వినలేదు. వానికి దక్కునది కాగితములో నున్నంత మాత్రమే. మొదటి చిత్రమే మిగిలినచో “తలపై ఆ స్తంభమేమి?” అని అడుగును. రెండవది మిగిలినచో ఆమె చేతులను చూచి “ఏమి చేయుచున్నది?” అని అడుగును. ఆ ప్రశ్నతో ఆమె కథ ఆ యింట మఱల మొదలగును. నిర్మొగమాటముగా తప్పు చెప్పిన ఆ మిత్రుడు ఇంకను పుట్టని ఆ బాలుని పక్షమున మాటలాడినాడు. ప్రేమించువారి యెదుట ఆ బాలునికై వాదించువాడు మఱియొకడు లేడు.

ఒక యింటి కైనది ఊరికిని అగును. గ్రామమున జరుగు తిరునాళ్లు, మగ్గముల యిండ్లు, చెఱువుకట్ట, శిథిలమగుచున్న గుడి గోపురము, వడ్లు తూర్పాఱబట్టిన కళ్లము — ఇవి యన్నియు కన్నులయెదుటనే మాఱిపోవుచున్నవి. వీని చిత్రములు వేలకొలది ఫోనులలో కలవు. వానిలో రాబోవు తరమునకు సంగతి తెలుపగలవి యెన్ని? ఎవ్వరును సరిచూడలేదు గనుక ఎవ్వరికిని తెలియదు. ఫోను పాడైననాడు అవియును పోవును.

సభాసదులారా! గ్రంథాలయమున బల్ల కలదు, దీపము కలదు, నిదానముగా చూచు అలవాటు గల మనుష్యులు కలరు. నెలకొక సాయంకాలము కెమెరా వేడుక గల పిన్నలు పెద్దలు తలకొక చిత్రమును అచ్చు వేయించి తెచ్చి, పేరు వ్రాయకుండ ఆ బల్లపై నుంచవచ్చును. కన్ను మొదట ఎచ్చట పడినది, ఎచ్చట దారి తప్పినది, దేనిని తీసివేసిన చిత్రము నిలుచును అను మూడు ప్రశ్నలకు ప్రతివాడును సమాధానము చెప్పవచ్చును. దిద్దుకొని మఱల తీసిన చిత్రములలో మేలైన దానిని, స్థలము, తేది, వివరములతో గ్రంథాలయమునందే భద్రపఱుపవచ్చును. ఇరువదియైదేండ్లు పుస్తకములను కాపాడిన బీరువాలలో ఒక అఱ దీనికి చాలును. స్వర్ణోత్సవమునాడు ఆ అఱ తెఱచువారు నేడు చిత్రములు తీసినవారిని ఎఱుగకపోవచ్చును. చిత్రములను మాత్రము నిదానముగా చూతురు, తమ ఊరిని గుఱుతుపట్టుదురు.

“బాగున్నది” యను మాట పలుకుటకు క్షణము చాలును. బాగుచేయు మాట పలుకుటకు చిత్రమును చూడవలెను, తీసినవానిని గౌరవింపవలెను, కొంత అప్రియమునకు ఓర్చుకొనవలెను. అట్టి మాట చెప్పువారును, వినువారును ఈ గ్రామమున వృద్ధి పొందుదురుగాక!

స్వస్తి.